ఋణవిమోచనము: ఇంటిల్లిపాదికి ఒక పాఠము

నిప్పును, పుండును, అప్పును కొంచెమైనను మిగిల్చి ఉంచరాదని మన పెద్దలు చెప్పుదురు. ఈ మూడింటికిని ఒక సామాన్యగుణము కలదు. మనము ఏమరియున్న వేళలందే అవి పెరుగును. అయితే నిప్పు పొగ చూపును. పుండు నొప్పి పుట్టించును. అప్పు మాత్రము ఏ చప్పుడును చేయదు. ఇంటివారు నిద్రించుచున్నను వడ్డీ నడచుచునే యుండును. అందుచేత ఈ మూడింటిలో అప్పు విషయముననే మనకు ఎక్కువ మెలకువ కావలెను.

ఈ పాఠమును మేము విద్యార్థుల కొరకును, వారి తల్లిదండ్రుల కొరకును వ్రాయుచున్నాము. అప్పు పెద్దల వ్యవహారము, దానితో పిల్లలకేమి పని యని కొందరు అడుగవచ్చును. ఇంట అప్పు భారమైనపుడు మొదట ఆగిపోవునది ఏది? పండుగ ఆగదు, పెండ్లి ఆగదు. అనేక గృహములందు మొదట ఆగునది పిల్లల చదువు, అందులోను ఆడపిల్లల చదువు. కావున ఈ విషయము పిల్లలకును తెలియవలసినదే.

అప్పు తీరుటకు ఆదాయము కావలెను; అలవాటును కావలెను. ఆదాయములో చాల భాగము వానను, కాలువను, బజారు ధరను అనుసరించి యుండును. అలవాటు మన చేతిలోనిది. అట్టి అలవాట్లలో మొదటిది, తక్కినవాటికన్నింటికి మూలమైనది, అప్పును ఇంటివారినుండి దాచకుండుట. దాచిన అప్పు పెరుగును. లెక్కకెక్కిన అప్పు తరుగును. ఈ మాటను విడమరచి చెప్పుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

మన జిల్లాలో అప్పు

రాయచూరు సీమ ఉత్తరమున కృష్ణకును, దక్షిణమున తుంగభద్రకును నడుమ నున్నది. రెండు మహానదుల నడుమ నున్నను ఇది వాన తక్కువగల సీమ. ఈ నేల కొరకు రాజులు అనేక యుద్ధములు చేసిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బిజాపురపు సుల్తానుతో పోరాడినది ఇచ్చటనే. రాజుల యుద్ధములు ముగిసినవి గాని, నేల దున్ను రైతు అప్పుతో చేయు యుద్ధము తరతరములుగా సాగినది.

1948 వరకు ఈ జిల్లా నిజాము ప్రభువుల హైదరాబాదు సంస్థానములో నుండెను. ఆ రాజ్యములో అప్పు తీర్చలేని పేదవాడు ఋణదాత యింట జీతగాడుగా కుదిరి, తన శ్రమతో వడ్డీ చెల్లబెట్టుట సామాన్యము. అట్టివారిని భాగేలాలు అనెడివారు. తండ్రి చేసిన అప్పునకు కొడుకును అదే యింట పనిచేయుట కలదు. 1936లో సంస్థాన ప్రభుత్వము భాగేలా ఒడంబడికలను కట్టుదిట్టము చేయుచు ఒక శాసనము చేసెను. దేశమంతటను వెట్టిచాకిరిని, దానికి కారణమైన అప్పులను రద్దుచేసిన చట్టము 1976లో వచ్చెను.

స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో, 1951-52లో, రిజర్వు బ్యాంకు గ్రామముల అప్పులను గూర్చి దేశవ్యాప్తముగ ఒక పరిశీలన జరిపించెను. రైతులు తెచ్చుకొన్న ప్రతి నూరు రూపాయలలో సహకార సంఘములు ఇచ్చినది సుమారు 3 రూపాయలు మాత్రమే యనియు, సుమారు 70 రూపాయలు వడ్డీ వ్యాపారులనుండి వచ్చినవనియు అందులో తేలెను. అప్పు పుట్టు చోటు ఒక్కటే యైనపుడు వడ్డీ చెప్పువాడును అతడే, లెక్క వ్రాయువాడును అతడే యగును గదా.

1953లో తుంగభద్ర జలాశయము పూర్తియైన పిదప ఎడమగట్టు కాలువ నీరు సింధనూరు, మాన్వి ప్రాంతములకు చేరినది. ఆంధ్రదేశపు కోస్తా జిల్లాలనుండి వచ్చిన రైతులు ఇచ్చట భూములు కొని, ‘క్యాంపులు’ అను పేర ఊళ్లు కట్టుకొనిరి. వారికి ఎంతో పూర్వమునుండియు గద్వాల, ఆదవాని వైపులవారితో బంధుత్వములు గల తెలుగు కుటుంబములు రాయచూరు సీమలో కలవు. మెట్టపొలమున జొన్న, కంది, పత్తి పండించువారును, కాలువ క్రింద వరి పండించువారును, కౌలుకు చేయువారును, కూలికి పోవువారును నేడు మన పాఠశాలలకు పిల్లలను పంపుచున్నారు. వీరందరి జీవనమునకును నీరే ఆధారము. ఆ నీటికి నిశ్చయము లేదు. 2023లో కరవు వచ్చెను. 2024లో జలాశయము నిండినది గాని, ఆగస్టు 10వ తేది రాత్రి 19వ గేటు కొట్టుకొనిపోయి నీరు నది పాలయ్యెను. కొద్ది దినములలో అడ్డుకట్ట వేయబడినను, ఆ దినములలో కాలువ క్రింది రైతుల గుండెలు ఎట్లుండెనో వేరుగ చెప్పనక్కరలేదు.

అప్పు మనకు మాత్రమే కలిగిన ఆపద కాదు. 2019లో ప్రభుత్వము జరిపిన పరిశీలనలో దేశమందలి వ్యవసాయ కుటుంబములలో సగము అప్పులో నున్నట్లు తెలిసినది. కుటుంబమునకు సగటు అప్పు 74,121 రూపాయలు. ఆంధ్రప్రదేశములో ఆ సగటు 2,45,554 రూపాయలు. అది దేశమున కెల్ల ఎక్కువ. బోరు వేయుట, ఆసుపత్రి, పంట నష్టము, పెండ్లి, ఈ నాలుగు ద్వారములనుండియే అప్పు తరచుగ ఇంట ప్రవేశించును. కావున అప్పు ఉన్నవారందరు దుబారా మనుషులని తలచుట అన్యాయము. అప్పుండుట సిగ్గు కాదు. సిగ్గుపడి దానిని దాచుటవలననే హాని కలుగును.

హరిశ్చంద్రుని కథనుండి ఏమి గ్రహింపవలెను?

అప్పు తీర్చిన మహాపురుషుడు ఎవరని అడిగిన, తెలుగువాడు వెంటనే హరిశ్చంద్రుని పేరు చెప్పును. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచించిన ‘సత్యహరిశ్చంద్రీయము’ పల్లెపల్లెను ఆడబడిన నాటకము. మన ఇరుగుపొరుగువారైన కన్నడిగులకు ఈ కథ రాఘవాంక మహాకవి షట్పదులలో వ్రాసిన ‘హరిశ్చంద్ర కావ్యము’ ద్వారా ఏడెనిమిది వందల ఏండ్లనుండి పరిచితము. రెండు భాషలవారును కంటతడి పెట్టుకొను కథ యిది. విశ్వామిత్రుని అప్పు వసూలుచేయుటకై వెంటబడిన నక్షత్రకుని పేరు మన భాషలో ఒక నానుడియే అయినది. విడువక వేధించు ఋణదాతను ‘నక్షత్రకుడు’ అందుము.

ఈ కథలో గ్రహింపవలసినది యొకటి, గ్రహింపరానిది యొకటి కలవు. హరిశ్చంద్రుడు తన అప్పు ఎంతయో భార్యకు దాచలేదు. గడువు ఏనాటిదో అతనికి తెలియును. గడువు తప్పకుండుటకే అతడు పాటుపడెను. ఇవి మనము గ్రహింపవలసినవి. అతడు భార్యను, బిడ్డను విక్రయించెను. ఇది గ్రహింపరానిది. పురాణకథలో అది సత్యవ్రతుని పరీక్ష. మన కాలమున అది నేరము.

ఈ మాట ఊరక చెప్పుట లేదు. కర్నూలు, మహబూబ్‌నగరు, రాయచూరు ప్రాంతములలో పత్తి విత్తనపు చేలయందు పూలకు పుప్పొడి అంటించు పనికి, తల్లిదండ్రులకు ముందుగా సొమ్ము ఇచ్చి పిల్లలను పెట్టుకొను పద్ధతి చాలకాలము నడచినది. ముందుగా తీసికొన్న సొమ్ము ఇంటి అప్పునకు పోయెను. బిడ్డ బడి మానెను. పదునాలుగేండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుటను చట్టము నిషేధించుచున్నది. ఆరునుండి పదునాలుగేండ్ల వరకు బడికి పోవుట పిల్లల హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టమును ప్రక్కన పెట్టి లెక్క చూచినను, బిడ్డ చదువును కుదువబెట్టి తెచ్చిన సొమ్మునకు వడ్డీ ఆ బిడ్డ జన్మమంతయు చెల్లించును. అంతకంటె చక్రవడ్డీ ఏది?

అప్పులన్నియు ఒక్కటి కావు

ఇక లెక్కకు వత్తము. ఒక ఇల్లు ఉన్నదనుకొందము. దానికి నాలుగు అప్పులు గలవు.

బ్యాంకులో పంట ఋణము 60,000 రూపాయలు. వడ్డీ సంవత్సరమునకు నూటికి 7. గడువులోపల చెల్లించినచో 3 తగ్గి 4 అగును.
బ్యాంకులో బంగారము కుదువబెట్టి తెచ్చినది 30,000 రూపాయలు. వడ్డీ సంవత్సరమునకు నూటికి 10.
వడ్డీ వ్యాపారివద్ద 40,000 రూపాయలు. వడ్డీ నెలకు నూటికి 3.
కిరాణా అంగడిలో ఉద్దెర 8,000 రూపాయలు.

మొత్తము 1,38,000 రూపాయలు. ‘మీకు పెద్ద అప్పు ఏది?’ అని ఇంటి యజమానిని అడిగిన, ‘బ్యాంకు అప్పు’ అనును. పిల్లవాడు పలక తీసికొని వడ్డీ కట్టిన వేరొక సంగతి బయటపడును. పంట ఋణమునకు గడువు పాటించినచో సంవత్సరమునకు 2,400 రూపాయలు. బంగారముపై 3,000. వడ్డీ వ్యాపారికి నెలకు 1,200 చొప్పున సంవత్సరమునకు 14,400. మొత్తము వడ్డీ 19,800 రూపాయలలో ఇంచుమించు ముప్పావు భాగము ఒక్క వ్యాపారికే పోవుచున్నది. అసలులో అతని భాగము మూడవవంతు కూడ లేదు. ‘నెలకు నూటికి మూడు’ అను మాట చెవికి చిన్నదిగ వినబడును. సంవత్సరమునకు ముప్పదియారు అని చెప్పుకొన్నపుడే దాని రూపు కనబడును. కావున ఏ వడ్డీనైనను సంవత్సరపు వడ్డీగా మార్చి పోల్చుట పిల్లలు ఇంట నేర్పవలసిన మొదటి లెక్క.

రెండవ లెక్క యిది. ఆ ఇంటివారు వ్యాపారికి నెలనెలకు వడ్డీ మాత్రము 1,200 చెల్లించుచు పోయిరనుకొనుడు. మూడేండ్లలో 43,200 రూపాయలు చెల్లింతురు. అసలు 40,000 కదలక అట్లే యుండును. వారే నెలకు 2,000 చెల్లించినచో, మిగిలిన అసలుపైననే వడ్డీ కట్టిన యెడల, 31 నెలలలో అప్పు తీరును. చెల్లించిన మొత్తము సుమారు 62,000. నెలకు 3,000 చెల్లించినచో 17 నెలలు పూర్తిగా చెల్లించి, 18వ నెలలో 854 రూపాయలతో ముగియును, మొత్తము 51,854. నెలకు వేయి రూపాయలు ఎక్కువ కట్టుటచేత పదివేలు మిగులును, పదమూడు నెలలు ముందుగ విముక్తి కలుగును.

ఇందుండి ఒక క్రమము ఏర్పడును. పంట ఋణమునకు గడువు తప్పరాదు. తప్పినచో రాయితీ పోవును, మరు సంవత్సరము అప్పు పుట్టదు. తక్కిన అప్పులకు నియమిత వాయిదాలు కట్టుచు, మిగిలిన ప్రతి రూపాయిని ఎక్కువ వడ్డీ గల అప్పునకే చెల్లింపవలెను. అది తీరిన పిదప, దానికి కట్టుచున్న సొమ్మును ఖర్చులలో కలిపివేయక, అట్లే రెండవదానికి మరల్పవలెను. కాలువలో ఒక మడి తడిసిన తరువాత గండి పూడ్చి నీరు మరుమడికి త్రిప్పినట్లు ఇది.

అంగడి ఉద్దెరకు వడ్డీ లేదని కొందరు సంతసింతురు. ఉద్దెర తెచ్చువాడు బేరమాడజాలడు; ఇచ్చిన సరకు, చెప్పిన ధర పుచ్చుకొనవలసినదే. విత్తనములు, ఎరువులు అప్పిచ్చిన దలాలీ వ్యాపారికే పంట వేయవలసివచ్చిన రైతు స్థితియు ఇట్టిదే. వడ్డీ కనబడని చోట అది ధరలో దాగియున్నదని గ్రహింపవలెను.

అలవరచుకొనవలసిన అలవాట్లు

ఒకటి, వ్రాసికొనుట. ఒక నోటుపుస్తకములో అప్పు ఇచ్చినవారెవరు, అసలెంత, వడ్డీయెంత, గడువెప్పుడు, ఏమి కుదువబెట్టబడినది, ఇంతవరకు ఎంత చెల్లింపబడినది అని ఆరు గళ్లు గీయవలెను. భర్తకు తెలియక భార్య తెచ్చిన చేబదులును, భార్యకు తెలియక భర్త వ్రాసియిచ్చిన నోటును ఆ పుస్తకములోనికి రావలెను. తెచ్చినవారిని ఆనాడు తిట్టరాదు. తిట్టిన యింట రెండవమారు ఎవ్వరును నిజము చెప్పరు. ఈ ఒక్క నియమము పాటించుట తక్కిన అన్నింటికంటె కష్టము. దానివలన కలుగు మేలును అంతటిదే.

రెండు, పంట ఇల్లు చేరకముందే పంపకము. ధాన్యమో పత్తియో అమ్మిన సొమ్ము చేతికి వచ్చినపుడు చేయి చురుకుగ ఆడును. కావున కోతకు పూర్వమే ఇంటివారు కూర్చుండి, అప్పునకు ఇంత, మరుపంట పెట్టుబడికి ఇంత, తిండికి ఇంత, బడికి ఇంత అని నిర్ణయించుకొనవలెను. కూలి ఆదాయముగల యింట ఈ పంపకము వారమునకొకమారు, సంతకు పోవుటకు ముందు జరుగవలెను. ఖర్చులు పోగా మిగిలినది అప్పునకు కట్టుదమనువానికి ఏనాడును మిగులదు.

మూడు, రానున్న ఆదాయమును తక్కువగ, రానున్న ఖర్చును ఎక్కువగ అంచనా కట్టుట. గత సంవత్సరపు మంచి ధరను చూచి ఈ సంవత్సరపు కౌలు ఒప్పుకొనుట, వాన పడకముందే బండి వాయిదాలకు సంతకము చేయుట మనవైపున అనేకులను ముంచినవి.

నాలుగు, చిన్న నిలువ. అప్పు తీర్చుచుండగా దాచుట ఏల యని అడుగవచ్చును. ఇంట రెండువేల రూపాయలైన నిలువ లేనిచో, బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి మరల నూటికి మూడు వడ్డీకే పరుగెత్తవలెను. ఆ చిన్న నిలువ కొత్త అప్పునకు అడ్డుకట్ట.

ఐదు, చెల్లించిన ప్రతి పైసకు రసీదు. నోటు తీరినపుడు ఆ నోటును తిరిగి తీసికొని చింపివేయుట, కుదువ విడిపించినపుడు కాగితములన్నియు తెచ్చుకొనుట మరువరాదు. ఖాళీ కాగితముపైనను, ఖాళీ చెక్కుపైనను సంతకము చేయరాదు.

ఆరు, శుభకార్యములందు మితము. శ్రీ వేంకటేశ్వరస్వామి తన పెండ్లికై కుబేరునివద్ద అప్పు చేసెననియు, నేటికిని వడ్డీ కట్టుచున్నాడనియు భక్తులు చెప్పుకొందురు. అందుచేతనే ఆయనకు వడ్డికాసులవాడను ముద్దుపేరు వచ్చినది. ఆ స్వామి హుండీ నిత్యము నిండును. మనకు హుండీ లేదు. కన్నడమున ‘హాసిగె ఇద్దష్టు కాలు చాచు’ అందురు. పడక యున్నంత వరకే కాళ్లు చాపుమని భావము. పెండ్లికి వచ్చినవారు భోజనము మెచ్చుకొని మరునాడే మరతురు, అప్పు మరువదు.

ఏడు, మద్యమునకు దూరముగ నుండుట. దీనిని గూర్చి స్త్రీలు మనకు చెప్పిన పాఠము ఘనమైనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి అంగడిని ఊరినుండి వెళ్లగొట్టిరి. ఆ ఉద్యమము జిల్లాలు ప్రాకి, 1993లో ఆంధ్రప్రదేశములో సారాయి నిషేధమునకు కారణమయ్యెను. సారాయికి పోవుచున్న సొమ్మును ఆ జిల్లా స్త్రీలు దినమునకొక రూపాయి చొప్పున పొదుపు సంఘములలో వేసికొనిరి. ఉద్యమము అలవాటుగ మారినపుడే అది నిలుచునని వారు చూపిరి. కర్ణాటకములో 2007లో సారాయి నిషేధింపబడినది. అయినను మద్యము పోలేదు. 2019 జనవరిలో మన రాయచూరు జిల్లా స్త్రీలు ముందునిలిచి, వేలాదిగ చిత్రదుర్గమునుండి బెంగుళూరు వరకు కాలినడకను పోయి మద్యనిషేధము కోరిరి. వారి కోరిక ఎంత తీరినదను మాట యటుండనిండు; తమ యింటి అప్పునకు మూలమెచ్చట నున్నదో వారు సరిగ గుర్తించిరి.

కలసి పొదుపు చేయుట, కలసి అప్పు చేయుట

ఒంటరి గృహస్థునకు వడ్డీ వ్యాపారి తప్ప దిక్కులేని కాలమున, 1904లో, సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. మరుసటి సంవత్సరమే నేటి గదగు జిల్లాలోని కణగినహాళ గ్రామమున సిద్ధనగౌడ పాటీలుగారు రైతుల సహకార సంఘమును స్థాపించిరి. మన పొరుగు జిల్లాలవైపు మొలచిన ఆ మొక్క దేశమునకు మార్గదర్శి యయ్యెను. పదిమంది కూడి పొదుపుచేసి, ఒకరికొకరు జామీనుండి, తక్కువ వడ్డీకి అప్పిచ్చుకొనుట దాని సారము. 1992నుండి బ్యాంకులతో జతపడిన స్త్రీల స్వయంసహాయ సంఘములును ఈ దారినే నడచినవి.

అయితే కత్తికి రెండు వైపుల పదును. సులభముగ దొరకు అప్పు, సులభముగ పెరుగును. ఒకే స్త్రీ నాలుగు సంస్థలలో చేరి, ఒకదాని వాయిదాకు మరియొకదానినుండి తెచ్చి కట్టుట నేడు మన ఊళ్లలో కనబడుచున్న విషయమే. వసూళ్ల ఒత్తిడికి ప్రాణములు పోగా, ఆంధ్రప్రదేశము 2010 అక్టోబరులోను, కర్ణాటకము 2025 ఫిబ్రవరిలోను అత్యవసర శాసనములు చేసి బలవంతపు వసూళ్లను అరికట్టబూనినవి. అప్పును అప్పుతో తీర్చుట ఒక్క సందర్భముననే తగును: కొత్త అప్పు వడ్డీ తక్కువయై, ఆ సొమ్ముతో పాత అప్పు అదే దినమున పూర్తిగ మూసివేయబడినపుడు. తక్కిన సందర్భములలో అది గుంత పూడ్చుటకు మరియొక గుంత త్రవ్వుట యగును.

రెండు భాషలు తెలిసిన పిల్లలు

మనవంటి భాషా మైనారిటీలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది కలదు. మన యింటి మాట తెలుగు. బ్యాంకు కాగితము కన్నడమో ఇంగ్లీషో. చదువలేని కాగితముపై సంతకము చేసిన తల్లిదండ్రులు ఎందరో. మన విద్యార్థులు కన్నడమును నేర్చుకొనుచున్నారు. ఈ విద్య ఇంటికి ఉపయోగపడుటకు ఇంతకంటె మంచి చోటు లేదు. మనము అప్పు అనునది కన్నడమున ‘సాల’. వడ్డీ ‘బడ్డి’, చక్రవడ్డీ ‘చక్రబడ్డి’. వాయిదా ‘కంతు’. తాకట్టు ‘అడమాన’. ఉద్దెర ‘ఉద్రి’. ముందుగా ఇచ్చు సొమ్ము ‘ముంగడ’. అసలు, లెక్క, గడువు, జామీను అను మాటలు రెండు భాషలలోను ఒక్కటియే. ఇవి తెలిసిన పిల్లవాడు సంతకమునకు పూర్వమే నాలుగు సంగతులు చదివి చెప్పవలెను: అసలెంత, సంవత్సరపు వడ్డీయెంత, కంతులెన్ని, గడువు తప్పిన ఏమగును. ‘నాయనా, ఈ పంక్తి అర్థమగువరకు సంతకము చేయవద్దు’ అని బిడ్డ చెప్పిన, ఆ మాటను అమర్యాదగ తలపక ఆగుట తండ్రికి గౌరవము.

అప్పు కంటె ప్రాణము మిన్న

చివరగ ఒక మాట. అప్పు భారముచేత ప్రాణము తీసికొన్న రైతుల వార్తలు మన జిల్లానుండియు వచ్చుచున్నవి. అట్టి ఇండ్లలో చాలచోట్ల అప్పు మొత్తము భార్యకు ఆ తరువాతనే తెలియుచున్నది. ముందే తెలిసియున్నచో, ఆ భారమును మోయుటకు ఇంకను రెండు భుజములు, నాలుగు భుజములు ఉండెడివి. ఎంతటి అప్పునకైనను వాయిదా కోరవచ్చును, గడువు పొడిగింపు అడుగవచ్చును, పొలములో కొంత అమ్మి తక్కినది నిలుపుకొనవచ్చును. పోయిన ప్రాణమునకు గడువు లేదు. తండ్రి అప్పు తీర్చుట కొడుకునకు ధర్మబద్ధమైన విధియను కారణమొక్కటే చూపి, కొడుకుపైనను మనుమనిపైనను దావా నడపుటకు 2005 నాటి హిందూ వారసత్వపు సవరణ చట్టము తరువాత చేసిన అప్పుల విషయమున వీలులేదు; వారసుడు పొందిన ఆస్తి మేరకే బాధ్యత. ఇంట పెద్దవారు మౌనముగ, నిద్రలేక యున్నపుడు పిల్లలు దగ్గర కూర్చుండి పలుకరింపవలెను. పెద్దలు ఉపాధ్యాయులకో, ఊరి నమ్మకస్థునకో సంగతి చెప్పుకొనుటకు వెనుదీయరాదు.

అప్పు తీరుట ఒకనాటి పని కాదు. తీర్చెదమను నిశ్చయము ఒకనాటిది. ఆ నిశ్చయమును ప్రతి సంతనాడు, ప్రతి కోతనాడు నిలుపుకొనుట అలవాటు. మన పిల్లలు ఆ పుస్తకమును గీయుటకు పూనుకొందురు గాక, మన తల్లిదండ్రులు అందులో నిజము వ్రాయింతురు గాక.

అభ్యాసము

1. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెచ్చిన 25,000 రూపాయలపై సంవత్సరమునకు వడ్డీ ఎంత? అదే సొమ్ము సంవత్సరమునకు నూటికి 4 వడ్డీకి తెచ్చినచో ఎంత మిగులును?
2. పై పాఠములోని ఇంటివారు మొదట ఏ అప్పును తీర్పవలెను? కారణము వ్రాయుము.
3. హరిశ్చంద్రుని కథలో గ్రహింపవలసినదేమి? గ్రహింపరానిదేమి?
4. సాల, బడ్డి, కంతు, అడమాన అను కన్నడ పదములకు సరియగు తెలుగు పదములు వ్రాయుము.
5. తల్లిదండ్రుల యనుమతితో ఇంటి అప్పులకు ఆరు గళ్ల పట్టిక తయారుచేయుము. దానిని బడికి తేనక్కరలేదు. ఇంట భద్రపరచి నెలకొకమారు అందరు కలసి చూచుకొనుడు.